వాసనలు పడని ఇంట్లో సౌనా: మూడు కొనుగోళ్ల సమీక్ష

నాకు వాసనలు పడవు. ఈ బాధకు తెలుగులో ఇంతకంటే సూటైన మాట లేదు. 2019లో మిషిగన్‌లోని మా ఇంటి బేస్‌మెంటులో కొత్త కార్పెట్ పరిచి, గోడలకు రంగు వేయించిన నెలలో ఇది మొదలైంది. అప్పటినుంచి బట్టలారబెట్టే యంత్రంలో వేసే డ్రైయర్ షీట్ల పరిమళం, ఎయిర్ ఫ్రెషనర్లు, కొత్త ప్లాస్టిక్ సామాన్లు, అగరువత్తులు, చివరికి మా అమ్మ బీరువాలోనుంచి తీసి పంపిన పట్టుచీరలకు పట్టిన కలరా ఉండల వాసన కూడా నాకు తలనొప్పిని, గొంతు పట్టేసినట్టుండే ఇబ్బందిని, ఒక పూటంతా వదలని మగతను తెస్తున్నాయి. దీనికి మల్టిపుల్ కెమికల్ సెన్సిటివిటీ (అనేక రసాయనాల సున్నితత్వం) అనే పేరును 1987లో మార్క్ కలెన్ అనే వైద్యుడు ప్రతిపాదించారు. ఇది ఎందుకు వస్తుందన్నదే కాక, దీనిని ఒక ప్రత్యేకమైన వ్యాధిగా లెక్కించవచ్చా అన్నది కూడా వైద్యుల మధ్య ఇంకా తేలలేదు. ఆ చర్చలోకి నేను వెళ్లను. ఇటువంటి మనిషి ఇంట్లో సౌనా, అంటే కూర్చుని చెమట పట్టించుకునే వేడి గది, పెట్టుకోవాలనుకుంటే ఏది కొనాలి, ఏది కొనకూడదు అన్నంతవరకే ఈ సమీక్ష.

ముందుగా ఒక విషయం చెప్పాలి. సౌనాలు అమ్మేవారిలో చాలామంది మా వంటివారిని వెతుక్కుంటూ వస్తారు. ఒంట్లో పేరుకున్న విషాలన్నీ చెమటతో బయటికి పోతాయన్నది వారి ప్రధానమైన ప్రచారం. చెమటలో ఉండేది దాదాపుగా నీరూ ఉప్పూ. రక్తంలోని అక్కరలేని పదార్థాలను వేరుచేసి పంపించే పని కాలేయమూ మూత్రపిండాలూ చేస్తాయి. సౌనావల్ల రసాయనాల సున్నితత్వం తగ్గుతుందని గట్టిగా నిలిచే రుజువు నాకు కనబడలేదు. 2015లో వెలువడిన ఫిన్లాండ్ అధ్యయనాన్ని ప్రతి అమ్మకందారూ ఉదహరిస్తాడు. కుయోపియో ప్రాంతంలో 2315 మంది మగవారిని సుమారు ఇరవై ఏళ్లు గమనించి, తరచుగా సౌనాకు వెళ్లేవారిలో గుండె సంబంధమైన మరణాలు తక్కువగా ఉన్నాయని చెప్పిన పరిశోధన అది. అది గుండెను గురించినది, వాసనలు పడకపోవడాన్ని గురించినది కాదు. పైగా అక్కడివారు వెళ్లింది రాళ్లు కాగే సంప్రదాయ సౌనాకే కాని, కిరణాలతో నేరుగా ఒంటిని వేడిచేసే ఇన్‌ఫ్రారెడ్ పెట్టెలోకి కాదు. నేను సౌనా కోరుకున్నది మిషిగన్ చలికాలంలో మోకాళ్లు, నడుము పట్టేసి నిద్ర పట్టకపోవడంవల్ల. వేడి తగిలితే ఆ రాత్రి హాయిగా నిద్రపోతాను. ఆ మాత్రం ప్రయోజనానికి డబ్బు పెట్టవచ్చుననుకుని, మా డాక్టరుగారిని అడిగి, రక్తపోటు చూపించుకున్న తరువాతే వెతకడం మొదలుపెట్టాను.

మొదట కొన్నది గుడారం. తల మాత్రం బయట పెట్టుకుని లోపల కుర్చీలో కూర్చునే గుడ్డ డేరా, దానికొక ఆవిరి కుండ, ధర రెండువందల డాలర్లకు లోపు. దీని గురించి ఎక్కువ రాయవలసింది లేదు. పాలియెస్టర్ గుడ్డ, దాని లోపల పూసిన ప్లాస్టిక్ పొర, ఆవిరి గొట్టం, అన్నీ వేడెక్కేసరికి కొత్త చెప్పుల దుకాణంలోకి అడుగుపెట్టినట్టు వాసన వచ్చింది. వారంరోజులు గరాజిలో ఆరబెట్టి చూసినా ఫలితం లేకపోయింది. తల బయట ఉంటుంది కదా అనుకుంటే, మెడ దగ్గరి సందులోనుంచి వచ్చే వేడిగాలి నేరుగా ముక్కుకే తగులుతుంది. వాసనలు పడనివారు ఇటువంటిదానిని చవక అని కొనకూడదు.

రెండవది ఒక మనిషి పట్టే ఇన్‌ఫ్రారెడ్ గది. అసలు పాఠం నేర్పింది ఇదే కనుక వివరంగా రాస్తాను. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పైచిలుకు ఎత్తు ఉన్న హెమ్లాక్ చెక్క పెట్టె. (హెమ్లాక్ అనే పేరున్న విషపు మొక్క వేరు, ఈ చెట్టు వేరు, ఆ పేరు చూసి భయపడనక్కరలేదు.) మామూలు 120 వోల్టుల ప్లగ్గుతో పనిచేస్తుంది, వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటదు. "సున్నితమైనవారి కోసం ప్రత్యేకంగా తయారుచేసినది, విషరహితం, నూటికి నూరు శాతం సహజమైన కలప" అని వర్ణించారు. చెక్క జిగుర్లనుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువుకు చేసిన పరీక్ష పత్రం అడిగితే వెంటనే పంపించారు కూడా. పత్రంలో అబద్ధం లేదు. నేను అడగవలసిన ప్రశ్న అడగకపోవడమే లోపం.

అమెరికాలో ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. అనే, చెక్క పొరలనో పొట్టునో పీచునో జిగురుతో అతికించి చేసే పలకలనుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్‌కు చట్టబద్ధమైన పరిమితులున్నాయి. గట్టి కలప పొరలతో చేసిన ప్లైవుడ్‌కు అది 0.05 పి.పి.ఎం., అంటే పదికోట్ల వంతుల గాలిలో 5 వంతులు. పార్టికల్ బోర్డుకు 0.09, ఎం.డి.ఎఫ్.కు 0.11. కానీ ఆ కొలతలు తీసేది 25 డిగ్రీల దగ్గర, అంటే మనం చొక్కా వేసుకుని కూర్చునే గది వేడిలో. జిగురులోనుంచి ఫార్మాల్డిహైడ్ విడివడటం వేడితోనూ తేమతోనూ పెరుగుతుంది, సౌనా అంటేనే ఆ రెండూ. పచ్చి ఇంగువ డబ్బా మూత మీద ముక్కు పెట్టి చూసి, అదే ఇంగువ కాగిన నూనెలో పడితే ఎంత దూరం ఘుమాయిస్తుందో చెప్పగలమా? చల్లగా ఉన్న చెక్క ఒక వస్తువు, కాగిన చెక్క ఇంకొక వస్తువు. అందువల్ల కంపెనీ పంపే పత్రంలో మొదట చూడవలసినది అంకెను కాదు, ఆ అంకెను ఎన్ని డిగ్రీల దగ్గర తీశారన్నది.

పెట్టె విప్పుతున్నప్పుడే రెండు సంగతులు బయటపడ్డాయి. గోడలు నిజంగానే నిండు కలప. కానీ కింద పరిచే నేల పలకా, పైకప్పు మీది మూతా ప్లైవుడ్. "సహజమైన కలప" అన్నమాటలో ప్లైవుడ్ కూడా ఇమిడిపోతుందని అప్పుడు అర్థమైంది. రెండవది, వేడి ఇచ్చే పలకలు. ఇన్‌ఫ్రారెడ్ గదుల్లో పెద్ద పలకల రూపంలో ఉండే కార్బన్ హీటర్లలో కర్బనపు పొరను రెజిన్ (గట్టిపడిన ప్లాస్టిక్ వంటి జిగురు) పలకల మధ్య అతికిస్తారు. గదిలో అన్నిటికంటే ఎక్కువగా వేడెక్కేది, మనిషి వీపుకు నాలుగు అంగుళాల దూరంలో ఉండేది ఆ రెజినే. వీటికితోడు పైకప్పులో స్పీకరు, రంగులు మారే దీపాలు, వాటికి పోయే పి.వి.సి. తొడుగు వైర్లు. పాట విననివారికి స్పీకరు ఎందుకో, దానిని తీసివేసి ఇమ్మంటే ఎందుకు కుదరదో నాకిప్పటికీ అర్థం కాలేదు.

తలుపు తెరిచిపెట్టి, కిటికీలో ఫ్యాను పెట్టి, రోజుకు నాలుగేసి గంటల చొప్పున మూడు వారాలు ఖాళీ గదినే వేడిచేశాము. ఈ పద్ధతి చాలామందికి పనికివస్తుంది, నాకు కూడా వాసన సగానికి పైగా తగ్గింది. మిగిలిన సగం తగ్గలేదు. ఆ గది లోపలి గాలి మొత్తం ఒకటిన్నర ఘనపు మీటర్లకు కాస్త ఎక్కువ. గాలి వచ్చిపోవడానికి పైన అరచేయంత రంధ్రం తప్ప ఏమీ లేదు. తక్కువ వేడి కనుక తక్కువ వాసన అన్న వాదం వినడానికి బాగుంటుంది కాని, గాలి కదలని చిన్న పెట్టెలో కొద్దిపాటి ఆవిరి కూడా పేరుకుంటుంది. వెనక్కి తీసుకుంటారా అంటే తీసుకుంటామన్నారు, రవాణా ఖర్చూ, ధరలో అయిదో వంతూ మేమే భరించాలన్నారు. ఆ షరతు వారి కాగితాల్లో ముందే ఉంది, చదవకపోవడం మా తప్పు. "సున్నితమైనవారి కోసం" అని అమ్మిన వస్తువుకు అటువంటి షరతు పెట్టడం వారి తప్పు. చివరికి వాసనల బాధ లేని ఒక స్నేహితురాలికి సగం ధరకు ఇచ్చాము. ఆవిడకు అది ఎంతో బాగుంది, వారానికి నాలుగుసార్లు కూర్చుంటుంది. కనుక అది చెడ్డ వస్తువని నేను అనడం లేదు.

ఆ తరువాత, కొనేముందే పరీక్ష చేయాలని నిశ్చయించుకున్నాము. కలప అమ్మేవారినుంచి అరచేయంత ముక్కలు తెప్పించాము: వెస్టర్న్ రెడ్ సీడార్, స్ప్రూస్, హెమ్లాక్, బాస్‌వుడ్, ఆస్పెన్, వేడితో పదునుపెట్టిన థర్మో ఆస్పెన్. పచ్చళ్ల గాజు సీసాల్లో ఒక్కొక్కటి వేసి, ఒక సీసాను ఖాళీగా ఉంచి, అన్నిటికీ అల్యూమినియం రేకు వదులుగా కప్పి, శుభ్రంగా కడిగిన ఎలక్ట్రిక్ ఓవెన్‌లో చల్లగా ఉన్నప్పుడే పెట్టి, 93 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాము. మూత బిగించకూడదు, కాగిన సీసాను చన్నీళ్ల తడి ఉన్న బల్ల మీద పెట్టకూడదు. మొదటి విడతలో ఏ సీసాలో ఏముందో తెలిసే వాసన చూశాను. హెమ్లాక్ కూడా గొంతు పట్టేస్తున్నదని ఖాయంగా చెప్పాను. మా వారు ఊరుకోలేదు. "మనసులో ముందే అనుకుంటే ఖాళీ సీసా కూడా వాసన వేస్తుంది, ఈసారి నీకు చెప్పకుండా తారుమారు చేస్తాను" అన్నారు. సీసాలకు గుడ్డ చుట్టి, నన్ను పక్కగదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్కటే తెచ్చి చూపించారు. ఇలా మూడు రోజులు, రోజుకొకసారి.

ఫలితం నాకు కొంచెం సిగ్గు కలిగించింది. సీడార్‌ను మూడుసార్లూ, స్ప్రూస్‌ను మూడుసార్లూ పట్టుకున్నాను. థర్మో ఆస్పెన్‌నూ ప్రతిసారీ పట్టుకున్నాను, అది బెల్లం పాకం మాడినట్టు ఉంటుంది. హెమ్లాక్‌ను రెండుసార్లు పట్టుకుని ఒకసారి పొరబడ్డాను. బాస్‌వుడ్‌నూ మామూలు ఆస్పెన్‌నూ ఖాళీ సీసానుంచి వేరుచేయలేకపోయాను. ఒకరోజు ఖాళీ సీసానే "ఇది ప్లైవుడ్" అన్నాను. అలాగని నా బాధ అబద్ధమని తేలలేదు, సీడార్ వాసన చూసిన సాయంత్రం తలనొప్పితో పడుకోవలసివచ్చింది. వాసనలు పడనివారు కొనుగోలు నిర్ణయాన్ని తెలిసి చూసిన వాసన మీద ఆధారపెట్టకూడదని మాత్రం తేలింది. ఉబ్బసం ఉన్నవారు, తీవ్రంగా ఊపిరి బిగిసేవారు ఈ పరీక్ష ఒంటరిగా చేయకూడదు, వైద్యుని మాట లేకుండా అసలు చేయకూడదు.

సీడార్ గురించి ఒక్కమాట. మనం దేవదారు అని పిలిచే హిమాలయ వృక్షానికీ దీనికీ సంబంధం లేదు. వెస్టర్న్ రెడ్ సీడార్ ఉత్తర అమెరికా పడమటి తీరంలో పెరిగే, సైప్రస్ కుటుంబానికి చెందిన చెట్టు. కుళ్లదు, పురుగు పట్టదు, చూడ్డానికి అందంగా ఉంటుంది, అందుకే అమెరికాలో సౌనా అనగానే ముందు చూపించేది అదే. కుళ్లకుండా, పురుగు పట్టకుండా కాపాడే సహజ రసాయనాలే దాని ఘాటుకు కారణం. దానిలోని ప్లికాటిక్ ఆమ్లంవల్ల రంపపు మిల్లుల కార్మికులకు ఉబ్బసం వస్తుందన్నది వైద్యులు బాగా ఎరిగిన విషయమే. కార్మికులు పీల్చేది పొడి, మనం కూర్చునేది నునుపు చేసిన పలక మధ్య, రెండూ ఒకటి కాదు. అయినా వాసనలు పడనివారికి "సహజమైన పరిమళం" అని సీడార్‌ను అంటగట్టడం మాత్రం సరికాదు. సాంబ్రాణి సహజమే, నాకు పడదు. స్ప్రూస్, పైన్ చెక్కల్లోని బంక కూడా వేడికి కరిగి అటువంటి ఘాటునే ఇస్తుంది.

మూడవది, ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది, కంపెనీ పెట్టె కాదు. మిషిగన్ ఉత్తర భాగంలో, హ్యాంకాక్ చుట్టుపక్కల, వందేళ్ల కిందట గనుల్లో పనికి వచ్చిన ఫిన్లాండ్ కుటుంబాల వారసులు ఎందరో ఉన్నారు. అక్కడ పెరట్లో సౌనా ఉండటం మన పల్లెల్లో పెరట్లో బావి ఉన్నంత మామూలు విషయం. అటువంటి కుటుంబంనుంచి వచ్చిన ఒక వడ్రంగి మాకు దొరికాడు. అమెరికన్లు "సానా" అంటే ఆయన ముఖం చిట్లిస్తాడు. నేను తెలుగులో రాసినట్టే ఔకారంతో "సౌనా" అనేసరికి నన్ను తమ ఊరిదాన్ని చేసుకున్నాడు. ఫిన్లాండ్ సౌనా సంస్కృతిని 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చిన సంగతి కూడా ఆయనే ఎంతో గర్వంగా చెప్పాడు.

గది ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. అంటే ఆరు ఘనపు మీటర్లకు కాస్త తక్కువ. లోపలి గోడలు, బల్లలు అన్నీ ఆస్పెన్ పలకలే, ఒకదాని గాడిలో ఒకటి దిగేవి, జిగురు లేకుండా స్టెయిన్‌లెస్ స్టీలు మేకులతో కొట్టినవి. బల్లల కోసం ముక్కలు అతికించిన పలకలు కాకుండా ఏకాండీ పలకలే కావాలని పట్టుబట్టాను, ధర మూడోవంతు పెరిగింది. పలకల వెనుక అల్యూమినియం రేకు, దాని వెనుక ఫార్మాల్డిహైడ్ లేని బంధక పదార్థంతో చేసిన, వేడిని బయటికి పోనివ్వని రాతి ఉన్ని. రేకును అతికించే టేపునూ, తలుపు చుట్టూ పెట్టే సిలికాన్‌నూ కూడా సీసాలో పెట్టి వేడిచేసి చూశాను. రెండు టేపులు తప్పాయి, మూడవది నెగ్గింది. ప్లైవుడ్ ఎక్కడా లేదు. లోపల రంగు, వార్నిషు, నూనె ఏమీ పూయలేదు, అందుకని బల్ల మీద చెమట మరకలు పడ్డాయి. తువ్వాలు పరుచుకోవాలి, అంతే.

హీటరు ఫిన్లాండ్‌కు చెందిన హార్వియా వారి 6 కిలోవాట్ల రకం, పైన రాళ్లు పేర్చేది. దానిలో స్టీలు, రాయి, వేడి తీగలు తప్ప మరేమీ ఉండకపోవడమే నా దృష్టిలో దాని గొప్ప. 240 వోల్టుల మీద 25 ఆంపియర్లు లాగుతుంది కనుక ఎలక్ట్రీషియన్ విడిగా లైను లాగవలసివచ్చింది. గదిలోకి వచ్చే వైరుకు వేడికి తట్టుకునే సిలికాన్ తొడుగు. కొత్త హీటరును మొదటిసారి వెలిగించినప్పుడు తయారీలో అంటిన నూనెలు మాడి పొగ వాసన వస్తుంది. నేను ఆ రెండు రోజులూ మా చెల్లి ఇంట్లో ఉన్నాను. రాళ్లను ముందుగా కడగడం కూడా మరచిపోకూడదు.

ఇక్కడొక చిక్కు ఉంది, దానిని ఏ అమ్మకందారూ చెప్పలేదు. ఇన్‌ఫ్రారెడ్ పెట్టెలో గాలి కదలదని నేను ఫిర్యాదు చేశాను. సంప్రదాయ సౌనాలో గాలి బాగా కదులుతుంది, హీటరు దగ్గర కిందినుంచి లోపలికి వచ్చి ఎదుటిగోడలోని రంధ్రంగుండా బయటికి పోతుంది. కానీ ఆ వచ్చే గాలి ఎక్కడిది? మా సౌనా పక్కనే బట్టలుతికే యంత్రం ఉంది. మొదటి నెలలో రెండు రోజులు లోపల తలనొప్పి వచ్చింది. చెక్కనూ టేపునూ అనుమానించి, చివరికి చూస్తే, మా ఇంటికి వచ్చిన బంధువులు ఉతికిన బట్టల పరిమళం ఆ గాలిలో వస్తున్నది. ఇప్పుడు గాలి గొట్టాన్ని బయటి గోడలోనుంచి నేరుగా తెచ్చుకున్నాము. మిషిగన్ జనవరి గాలిని 85 డిగ్రీలకు వేడెక్కించాలంటే గంటకు పైగా పడుతున్నది. కరెంటు యూనిట్ 20 సెంట్ల చొప్పున లెక్క వేస్తే ఒక్కొక్కసారికి డాలరున్నర వరకు ఖర్చు.

మొత్తం ఖర్చు ఇన్‌ఫ్రారెడ్ గదికి రెండున్నర రెట్లయింది. వాసన అంటే తలనొప్పి మాత్రమే వచ్చే కొద్దిపాటి ఇబ్బంది ఉన్నవారికి ఇంత అవసరమని నేను అనుకోను. అటువంటివారు బాస్‌వుడ్‌తో చేసిన ఇన్‌ఫ్రారెడ్ గదిని, నేలా పైకప్పూ దేనితో చేశారో రాతపూర్వకంగా అడిగి, వేడి పలక ముక్క ఒకటి తెప్పించుకుని సీసాలో వేడిచేసి చూసి కొనవచ్చు. వస్తువు విదేశాలనుంచి చెక్క పెట్టెలో వస్తే, ఆ పెట్టె మీది ముద్ర చూడండి. హెచ్.టి. అని ఉంటే చెక్కను వేడితో శుద్ధి చేశారని, ఎం.బి. అని ఉంటే పురుగులను చంపే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించారని అర్థం. రెండవదైతే పెట్టెను ఇంట్లోకి తేకుండా బయటే విప్పించండి.

హైదరాబాదులో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి ఈ సంగతులన్నీ విని, అక్కడి వడ్రంగితో ప్లైవుడ్ మీద టేకు పొర అతికించి చేయించుకుంటానన్నాడు. వద్దన్నాను. మన దగ్గర ప్లైవుడ్‌కు జిగురు ఒక్కటే కాదు, చెద పట్టకుండా, పురుగు తొలవకుండా వేసే మందులు కూడా ఉంటాయి. వంటింటి అలమరలో పరవాలేదేమో కాని వాటిని 80 డిగ్రీలకు కాచి, ఆ గాలి పీల్చుకుంటూ తలుపు మూసుకుని కూర్చోవడం ఎందుకు? "అయితే మే నెలలో మేడమీద గదిలో కూర్చుంటానక్కా, అదీ సౌనాయే" అన్నాడు.

పదినెలలుగా వారానికి మూడుసార్లు, పదిహేనేసి నిమిషాలు కూర్చుంటున్నాను. నిద్ర బాగుంది, మోకాళ్లు చలికాలంలో కూడా వంగుతున్నాయి. వాసనల బాధ మాత్రం ఎంత ఉండేదో అంతే ఉంది, నిన్న కూడా లిఫ్టులో ఎవరో పూసుకున్న సెంటుకు రెండు అంతస్తులు మెట్లెక్కి వెళ్లాను. సౌనాలో ఇంకా తీరని లోపం ఒకటే మిగిలింది: తలుపు అడుగున గాలి పోకుండా పెట్టిన రబ్బరు పట్టీ. అది వేడెక్కితే ఇప్పటికీ సన్నగా వాసన వేస్తున్నది. దానిని పీకివేసి, ఆ సందులో తడి నూలు తువ్వాలు మడిచి పెడుతున్నాను.